ఎటెల్వీనా పిలిచిన ఆకలి ఆత్మలు

దోనా ఎటెల్వీనా పిలిస్తే వచ్చే ఆత్మ ఎవరిదైనా సరే, ముందు తిండే అడిగేది.

ఆ రైల్వే ఊళ్లో ఆత్మవాదులు పదిహేడు కుటుంబాలు. సిగ్నళ్లు వేసే ఆమె తండ్రి ఆ సభ మొదలుపెట్టాడు. చర్చి శ్మశానంలో పాదిరీ చోటివ్వకపోతే తమవాళ్లను గుట్టమీద పాతుకున్నారు. పోయినవాళ్లు ఎక్కడికీ పోరనీ, అవతల పాఠాలు నేర్చుకుంటూ పిలిస్తే పలుకుతారనీ వాళ్ల నమ్మకం. ఆదివారం మధ్యాహ్నం, తెల్లగుడ్డ పరిచిన బల్ల, గ్లాసెడు నీళ్లు. అంతే, దక్షిణ లేదు. ఎటెల్వీనా కళ్లు మూసుకుంటే, వచ్చిన ఆత్మ ఆమె నోటితో మాట్లాడేది.

ఓసారి జడ్జీగారి ఆత్మ వచ్చింది. పరలోక రహస్యం చెబుతాడని అందరూ ఊపిరి బిగబట్టారు.

"జున్ను మిగిలిందా?" అన్నాడాయన.

"చచ్చినా పొట్ట తగ్గలేదు ఈయనకి!" అంది భార్య.

"అవతల వంటవాళ్లే లేరా ఎటెల్వీనా?" అని సభ పెద్ద ఒలింపియో ఎకసెక్కమాడాడు.

"వాళ్లకి అక్కడైనా సెలవు ఇవ్వరా ఏంటి?" అంది ఎటెల్వీనా.

ప్రతి ఆత్మా చివర్న ఒకటే మాట చెప్పేది: "నాకిప్పుడు నోరు లేదు. నా పేరు చెప్పుకుని నువ్వు తిను."

ఆ ఏడాది వానల్లో ఇదలీనా తొమ్మిదేళ్ల కూతురు నేవా జ్వరంతో పోయింది. ఎనిమిది రోజులు ఆ ఇంట పొయ్యి వెలగలేదు. ఆదివారం ఇదలీనా గోడ పట్టుకుని సభకు వచ్చింది. ఎటెల్వీనా కళ్లు మూసుకుంది.

"అమ్మా, ఆకలేస్తోందే. కోడీ బెండకాయా కూర, మొక్కజొన్న సంకటీ చెయ్యవూ?"

వెనకెవరో కిసుక్కుమన్నారు. ఇదలీనా లేచి వెళ్లిపోయింది.

సాయంత్రం ఎటెల్వీనా గిన్నె పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడింది.

"మా నేవాకి బెండకాయంటే అసహ్యం అక్కా. జిగురని ఉమ్మేసేది. ఎందుకు అబద్ధమాడావు?"

ఎటెల్వీనా గిన్నె కింద పెట్టి నేలమీదే కూలబడింది.

"నేవా రాలేదే తల్లీ. కొత్తగా పోయినవాళ్లు కొన్నాళ్లు నిద్రపోతారు. ఎంత పిలిచినా పలకలేదు."

"మరి ఆ జడ్జీ?"

"ఆయనొచ్చాడు. జున్ను మాత్రం నేనడిగాను. వాళ్లావిడ అప్పటికి మూడు రోజులుగా పస్తు." గిన్నె దగ్గరికి లాక్కుంది. "మా అబ్బాయి బేటో పోయినప్పుడు అందరూ వచ్చి ప్రార్థనలు చేశారు. తిన్నావా అని ఒక్కరూ అడగలేదే."

ఇదలీనా చాలాసేపు ఏడ్చింది. ఎటెల్వీనా సంకటి ముద్ద చేసి నోటికందించింది. ఇదలీనా నమిలింది, మింగింది. మరో ముద్దకు నోరు తెరిచింది.

గిన్నె సగమయ్యాక కళ్లు తుడుచుకుంటూ అంది:

"ఇంత వయసొచ్చింది, ఉప్పెయ్యడం ఇంకా రాలేదు నీకు."