పొయ్యెక్కని సద్దితో మిర్యాలగూడకు

నేను వండిన అన్నం మానేసి ఏడాది కావస్తోంది. నానబెట్టిన పెసలు, పల్లీలు, కొబ్బరి, జామకాయ, కీర, క్యారెట్, దొరికినప్పుడు సీతాఫలం, ఇవే నా తిండి. పెళ్లయి సూర్యాపేట వచ్చిన కొత్తలో మధ్యాహ్నం అన్నం తినగానే కళ్లు మూతలు పడేవి, మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. పొద్దున్నే స్కూలు గ్రౌండులో నడిచే ఆడవాళ్లలో ఒకామె ఇలా తింటుందని తెలిసి, ఒక వారం చూద్దామని మొదలుపెట్టాను. వారం పోయింది, నెలలు పోయాయి. ఇప్పుడు గ్రౌండు చుట్టూ అందరికంటే ముందు నేనే నడుస్తాను. నడుస్తుంటే కాళ్లు నేలకు ఆనుతున్నాయా లేదా అనిపిస్తుంది. అందరికీ ఇలాగే పడుతుందని చెప్పను. నాకు పడింది.

చిక్కేమిటంటే మాది బియ్యం ఇల్లు. సూర్యాపేటలో మా ఆయనకు బియ్యం దుకాణం ఉంది. బస్తాలు వచ్చేది మిర్యాలగూడలో వాళ్ల పెదనాన్నగారి మిల్లు నుంచి. ఆ ఇంట్లోనే మా ఆయన నాయనమ్మ ఉంటుంది. బియ్యం అమ్మే ఇంటి కోడలు మెతుకు ముట్టదన్న మాట ఎలా పాకిందో, మిర్యాలగూడ బజారు దాకా పోయింది. కొత్త వడ్లు మిల్లుకు వస్తున్న రోజుల్లో నాయనమ్మ ఫోన్ చేసింది.

"మీ బియ్యం మీ ఇంటి పిల్లనే తినదట గదా అని అడుగుతున్నరు. నేనేం జెప్పాలెరా? ఆదివారం కొత్త బియ్యం వండుతున్నం. వచ్చి నా ముంగట తినమను. తినకుంటే ఇగ నా గడప తొక్కొద్దను."

ఆయన ఫోన్ పక్కన పెట్టి నా వైపు చూసి, "పోదామా సువర్ణా?" అన్నారు. పోదామన్నాను. తింటానో తిననో చెప్పలేదు, ఎందుకంటే నాకే తెలియదు. పెద్దామె మనసు నొప్పించి ఆ గడప పోగొట్టుకోలేను. ఈ ఇంటికి వచ్చాక నాది అని నేను సంపాదించుకున్నది ఈ తేలికదనం ఒక్కటే. దాన్నీ పోగొట్టుకోలేను.

గోనె సంచుల పని మీద ఆయన శనివారమే బండి మీద కోదాడ వెళ్లారు. అక్కడ ఆయన్ని కలుసుకుని ఇద్దరం బండి మీద మిర్యాలగూడ పోవాలని, నేను ఆదివారం పొద్దున ఏడింటికి సూర్యాపేట బస్టాండులో కోదాడ బస్సెక్కాను. ఒక్కదాన్నే బస్సెక్కడం అదే మొదటిసారి. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు కాబట్టి కండక్టరుతో మాట్లాడే పని కూడా పెద్దగా పడలేదు, నాకు అది మేలే. కోదాడకు గంట పైన పడుతుంది. బయటంతా మంచు. లారీలు కనిపించకముందే వాటి దీపాలు కనిపించి కరిగిపోతున్నాయి. మంచు వెనక పొద్దు, సన్నగా కోసిన క్యారెట్ బిళ్లలా ఉంది. కిటికీకి తల ఆనించి చూస్తుంటే, బస్సు కదలడం లేదు, చెట్లే మెల్లగా ఈదుకుంటూ వెనక్కి పోతున్నాయి అనిపించింది.

పక్క సీటామె టిఫిన్ డబ్బా తెరిచి ఇడ్లీ నా చేతిలో పెట్టబోయింది. "తీస్కో బిడ్డా."

"వద్దమ్మా, నేను వండినవి తినను."

"ఒక్కపొద్దా?"

"కాదు, రోజూ ఇంతే."

"రోజూ ఒక్కపొద్దేనా! గంత గట్టిగ ఏం మొక్కుకున్నవే తల్లీ?"

మొక్కేమీ లేదని చెప్పి నా డబ్బా తెరిచాను. మొలకలొచ్చిన పెసలు, కొబ్బరి ముక్కలు, నానిన పల్లీలు. ఆమె వంగి చూసింది.

"మా బర్రెకు గూడ గిట్లనే నానవెడ్త. మంచిగ పాలిస్తది."

ముందు సీటువాళ్లు కూడా నవ్వారు. నేను తల దించుకున్నాను గానీ, నాకూ నవ్వాగలేదు. కాసేపటికి ఆమే చెయ్యి చాపి గుప్పెడు పెసలు తీసుకుని, "ఉప్పేసినవా? ఉప్పెయ్యాలె" అంటూ నమిలింది.

కోదాడ బస్టాండు బయట మా ఆయన బండితో నిలబడి ఉన్నారు. పక్కనే జామకాయల బండి. కిలో యాభై. సరిహద్దు ఊరు కదా, అమ్మే ఆయన మాట అప్పుడే ఆంధ్ర వైపు ఒరిగి ఉంది.

"దోరవి ఇమ్మంటావా తల్లీ, పండినవా? ప్రయాణమైతే దోరవే తీసుకో. పండినవి సంచిలోనే జాం అయిపోతాయి."

దోరవే తీసుకున్నాం. అక్కడి నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడకు బండి మీద రెండు గంటలు అనుకోండి, ఆగుతూ పోతే ఇంకా ఎక్కువ. మేము ఆగుతూనే పోయాం. సాగర్ కాలువ కొంతసేపు మా పక్కన నడిచేది, కొంతసేపు పొలాల్లోకి తప్పిపోయి మళ్లీ ఎక్కడో ఎదురయ్యేది. ఒకచోట గట్టు మీద కూర్చుని జామకాయలు కొరుక్కుంటూ నీళ్లు చూశాం. నీళ్లు ఎటో తొందరగా పోతున్నాయి, మాకు మాత్రం ఏ తొందరా లేనట్టు అనిపించింది.

"తింటవా అక్కడ?" అని ఆయన నీళ్ల వైపు చూస్తూ అడిగారు.

"మీరేమంటారు?"

"నేనేమంట? నాయనమ్మకు ఎదురు జెప్పేంత ధైర్యం నాకే లేదు. నువ్వు తినకున్నా నిన్ను నేనేమన, తిన్నా ఏమన."

ఆ మాటకు సంతోషపడాలో బెంగపడాలో తెలియక మూడో జామకాయ తీశాను.

నేరేడుచర్ల దాటాక రోడ్డు సగం వడ్లే. కళ్లం చాలక తారు మీద ఆరబోశారు. ఎండలో అదంతా పసుపు నది. ఒకామె చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, కాళ్లు ఈడ్చుకుంటూ వడ్ల మధ్య నడుస్తోంది. ఆమె నడిచిన చోటల్లా చాలు పడుతోంది. కింది తడి వడ్లు పైకి వస్తాయన్నమాట. బండికి తోవ లేక నేను దిగాను.

"సూసుకుంట నిలవడ్డవేంది? చెప్పులిడిచి రా, జర కాళ్లు కలుపు" అంది.

చెప్పులు విడిచి వెళ్లాను. పైన వెచ్చగా, లోపల చల్లగా ఉన్నాయి వడ్లు. ఆమె వెనక ఆ చివరి దాకా పోయి, తిరిగి వచ్చి, మళ్లీ పోయాను. పాదాల కింద సరసరమని ఒకటే చప్పుడు. ఎంతసేపు నడిచానో తెలియదు, అలుపు రాలేదు. ఆమె ఒక గింజ ఒలిచి నా చేతిలో పెట్టింది.

"కొరికి సూడు. టక్‌మంటే ఎండినట్టు."

టక్‌మంది. ఆ వెంటనే నాలుక మీద పాల తీపి. అప్పుడు నాకు తిరుమలగిరిలో మా పుట్టింటి బియ్యం డబ్బా గుర్తొచ్చింది. చిన్నప్పుడు అమ్మ చూడకుండా గుప్పెళ్లకొద్దీ పచ్చి బియ్యం బుక్కేదాన్ని. "తినకే, పెండ్లినాడు వాన పడ్తది" అని అమ్మ వీపు మీద ఒకటి వేసేది. పెళ్లినాడు నిజంగానే వాన పడింది. టెంటు ఒరిగిపోయింది. మగపెళ్లివారు కుర్చీలు నెత్తిన పెట్టుకుని బడి వరండాలోకి పరుగెత్తారు.

మిర్యాలగూడ చేరేసరికి ఒంటిగంట దాటింది. ఊరి మొదట్లోనే తవుడు వాసన పలకరిస్తుంది. నాయనమ్మ గడప లోపలే కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. కాళ్లకు దండం పెడితే, "లోపటికి రా, ఆకు ఏసినం" అంది, అంతే. విస్తరిలో కొత్త అన్నం పొగలు కక్కుతోంది. పప్పు, నెయ్యి, పచ్చిపులుసు. పెద్దత్తయ్య గరిటెతో నిలబడింది. ఆ ఆవిరి మొహానికి తగులుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు ముద్దలు తినేస్తే అయిపోతుంది అనుకున్నాను. అన్నం మీద చెయ్యి పెట్టాను కూడా. చెయ్యి ముద్ద కలపలేదు.

"నాయినమ్మా," అన్నాను, ఆ చెయ్యి వెనక్కి తీసుకుని. "ఇవే బియ్యం పచ్చివి ఉంటే గుప్పెడు ఇస్తరా?"

"పచ్చియా? పచ్చివి తింటరా ఎవరన్న?"

"చిన్నప్పటి నుంచి తింట. అందుకే మా పెండ్లినాడు వాన పడ్డది."

నాయనమ్మ నా మొహంలోకి వంగి చూసింది.

"గా వాన నీదేనా! నా కొత్త పట్టుచీర ఖరాబు జేసిన వాన నీదేనా పిల్లా!"

నేను తలూపాను. ఆమె పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే లేచి, మిల్లు నుంచి నమూనాకు తెచ్చిన పళ్లెంలోంచి గుప్పెడు బియ్యం నా అరచేతిలో పోసింది. మరో గుప్పెడు తన నోట్లో వేసుకుంది.

"మిల్లుల పుట్టి, మిల్లుల పెరిగిన దాన్ని. గింజ నమలకుండ ఒక్క బస్తా కొననీయలే మా నాయిన. నా పెండ్లికి మూడొద్దులు వాన పడ్డది. మా అమ్మ నన్నే తిట్టింది."

మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని పటపటమని నమిలాం. విస్తరిలో అన్నం మా ఆయన తిన్నారు. తాలింపు వేయకముందు పక్కన తీసి ఉంచిన పచ్చిపులుసు పెద్దత్తయ్య గిన్నెడు ఇస్తే నేను తాగాను.

ఆ మధ్యాహ్నమే నాయనమ్మ కొత్త బియ్యం నానబోసింది. చీకటి పడేవేళకు తడి బియ్యం రోట్లో పోస్తే రోకలి నేనే పట్టుకున్నాను. బెల్లం, కొబ్బరి కలిపి చలిమిడి చేసింది. బెల్లం వండిందే కదా అంటారేమో, నేను అంత పట్టుదల మనిషిని కాను. అప్పుడే పక్కింటామె గుమ్మంలోకి వచ్చి, "కోడలు తిన్నదా మరి?" అని అడిగింది. నాయనమ్మ నా చేతిలో చలిమిడి ముద్ద పెడుతూనే జవాబిచ్చింది.

"తినకేంది? మీకంటె ముందుగాల్నే తింటది. మీరు పొయ్యి అంటిచ్చేదాక ఆగుతరు, మా పిల్ల ఆగది."

మర్నాడు పొద్దున్నే బండి మీద తిన్నగా సూర్యాపేట వచ్చేశాం. దారిలో మళ్లీ మంచు, మళ్లీ రోడ్డు మీద వడ్లు. ఆయన వెనక కూర్చుని కళ్లు మూసుకుంటే పాదాల కింద ఆ సరసర ఇంకా వినిపిస్తోంది. ఇన్నాళ్లూ నా తిండి నన్ను అందరి నుంచీ పక్కకు తీసుకుపోతోందేమో అని దిగులుగా ఉండేది. ఆ రోజు అది నన్ను ఒక గింజ దగ్గరికి తీసుకుపోయింది, ఆ గింజ దగ్గర నాయనమ్మ నాకంటే ముందే కూర్చుని ఉంది. ఒళ్లో చలిమిడి డబ్బా ఉంది. ఎక్కడో దూరంగా సన్నగా ఉరిమినట్టు అనిపించింది, మిల్లు చప్పుడే కావచ్చు.

మీరూ ఇలాంటి తిండితో బంధువుల ఇంటికి బయలుదేరితే ఒక్క పని చేయండి. ఏం తినరో కాదు, ఏం తింటారో ముందురోజే ఫోన్ చేసి చెప్పండి. బియ్యం నానడానికి కూడా కొంచెం టైం కావాలి కదా.