బెంచికి అవతలి కొస

పోయిన వారం మా ఇంగ్లీషు టీచరమ్మ కన్నుమూశారు. పరకాల నుంచి వరంగల్ వస్తుంటే బస్సులో పాత స్నేహితురాలు చెప్పింది. వచ్చిన పని మానుకుని నేరుగా చర్చికి వెళ్లాను. ఏడుపు బస్సులోనే మొదలైంది.

మీలో ఆమె దగ్గర చదివినవాళ్లకు ఆ బెంచి గుర్తుండే ఉంటుంది. "మాటలు ఒంటిగ తిరగయ్ బిడ్డా, తోడు లేంది గడప దాటయ్" అనేవారు. అందుకే అబ్‌స్టకిల్ అనే మాటను ఒక్కదాన్నే బట్టీ పట్టనిచ్చేవారు కాదు. సాయంత్రం తరగతి గుమ్మానికి అడ్డంగా బెంచి వేయించి, కొంగుకంటిన సుద్దపొడి దులుపుకుంటూ పక్కన నిలబడేవారు. బెంచికి ఎదురుగా నిలబడితే 'ఫేస్ యాన్ అబ్‌స్టకిల్'. ఎక్కి దాటితే 'ఓవర్‌కమ్'. పక్కకు జరిపితే 'రిమూవ్'. చేసింది గట్టిగా చెబితేనే ఇంటికి పోనిచ్చేవారు.

చిన్నప్పుడు జ్వరమొచ్చి నాకు ఒక కాలు చచ్చుపడింది. అందరూ బెంచి దాటి పోయారు, నేను మిగిలాను. బయట ఒకటే నవ్వులు.

"నాతోని కాదు టీచరమ్మా."

"ఎదురుంగ నిలబడ్డవ్ గదా, సగం అయిపాయె. జర ఆ కొస పట్టు. ఒక్కదానివే ఎత్తాల్నని ఎవరన్నరు?"

ఇద్దరం కలిసి జరిపాం. 'రిమూవ్ యాన్ అబ్‌స్టకిల్' అని అరిచినంత పని చేసి, నవ్వినవాళ్ల ముందు నుంచే నడిచి వచ్చాను.

అయినా ఆ ఏడు ఇంగ్లీషు తప్పాను. తప్పితే చదువు బంద్ అని ముందే చెప్పిన నాన్న, నన్ను హాస్టల్ నుంచి తీసుకుపోవడానికి ఊరి నుంచి వచ్చాడు.

"ఇగ ఇంట్లనే ఉంటది టీచరమ్మా."

"అట్లయితే నా బెంచి కొస ఎవరు పడ్తరు పటేలా? ఇంకొక్క ఏడు నాకు ఇడిసిపెట్టు."

నాన్న ఎవరి మాటా వినే మనిషి కాదు. తల గోక్కుని, ఒక్కడే బస్సెక్కాడు. మరుసటేడు పాసయ్యాను. ఇవాళ పరకాల బడిలో పిల్లలు నన్నూ టీచరమ్మా అనే పిలుస్తారు. అది ఆమె పెట్టిన భిక్ష. ఆ మాట ఆమెకు ఎన్నడూ చెప్పలేదు, ఇక చెప్పలేను.

చర్చి వసారాలో, మా పాత బడి నుంచి తెచ్చిన రెండు బెంచీల మీద పేటికను ఉంచారు. దాన్ని ఎత్తే తొందరలో ఎవరో ఒక బెంచిని గుమ్మానికి అడ్డంగా నెట్టేశారు. లోపలున్నవాళ్లంతా దాన్ని దాటుకుంటూ పేటిక వెంట వెళ్లిపోయారు.

నేను వంగి ఒక కొస పట్టుకున్నాను. అలవాటుగా తలెత్తి అవతలి కొస వైపు చూశాను.