తోసినవాళ్లను వదిలేసిన కారు

మా చెల్లెలి పెళ్లి రఘునాథపల్లిలో. ఆ జనవరి పొద్దున కాశిబుగ్గలో మా ఇంటి ముందే మా ఆయన ముసలి డీజిల్ కారు మొండికేసింది. చలికి ఇంజన్‌ను వేడిచేసే హీటర్ ప్లగ్గులు మార్చమని మెకానిక్ ఏడాదిగా మొత్తుకుంటున్నా, ఈయన ప్రతి శనివారం బంపర్‌కు కట్టే నిమ్మకాయలే మార్చాడు.

"చలికి గట్లనే ఉంటది, జర తొయ్యుండ్రి" అన్నాడు.

పట్టుచీరలో నేనూ, ఆయాసపడుతూ మా అత్తమ్మా తోశాం. ఇంజన్ అందుకుంది. మా మొహాలకు పొగ పులిమి కారు సాగిపోయింది.

"ఆపితే మళ్ల బందైతది, మీరు బస్సుల రాండ్రి!" అని కిటికీలోంచి అరిచాడు.

మేం చేరేసరికి తాళి కట్టేశారు. బంతిలో కూర్చుని తింటున్న ఈయన తలెత్తి, "సొంత చెల్లె పెండ్లికి గింత లేటా?" అన్నాడు.

ఇప్పటికీ ఆల్బమ్ తీస్తే, తాళి కట్టే ఫొటోలో నేనుండను. అక్షింతలు వేస్తూ ఈయన మాత్రం పళ్లికిలిస్తుంటాడు.