‘ఇంటికి పరుగు’ అనే గుర్రం

మా సుంబా దీవి పడమటి తీరంలో మగవాణ్ణి సొంత పేరుతో పిలిచేది కన్నతల్లీ, బడి పంతులూ మాత్రమే. మిగతా లోకానికి అతని గుర్రం పేరే అతని పేరు. మా ఆయన రెహి ఎనిమిదేళ్ల కిందటి దాకా ‘ఆగని అల’. మామగారు పోయినప్పుడు ఆనవాయితీ ప్రకారం ఆ గుర్రాన్ని బలిచ్చి ఆయన వెంట పంపేశాం. తర్వాత రెహి పాత ఎర్ర మోటారుసైకిలు కొని, సంతకెళ్లేవాళ్లను ఎక్కించుకుని తిప్పడం మొదలుపెట్టాడు. ఇంకేముంది, ఊరంతా “ఏయ్, ఎర్ర బండీ!” అనడమే. పక్కన నిలబడి అరిచినా పలికేవాడు కాదు. తల వంచుకుని చెయిను తుడుచుకుంటూ ఉండేవాడు. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

కిందటేడు వానలు మొదలయ్యే ముందు ఒక పొద్దున మొక్కజొన్న గింజలు నములుతూ అన్నాడు: “లెరో, నలభై మూడు నిండాయి నాకు. వచ్చే పసోలా ఆడకపోతే ఇక ఈ జన్మలో ఆడను.”

పసోలా అంటే రెండు పక్షాల రౌతులు ఎదురెదురుగా దూసుకొచ్చి మొద్దు బల్లేలు విసురుకునే పండగ. గుర్రం లేనివాడు గట్టు మీద ఆడవాళ్ల పక్కన నిలబడి చూడాల్సిందే.

“మనం డబ్బాలో దాచిన డబ్బుకి గుర్రం తోక వస్తుంది” అన్నాను. అన్నానే గాని, మర్నాడు సంతకి ముందు బయల్దేరింది నేనే. మా నాన్న గుర్రాలను మచ్చిక చేసేవాడు. నేను నడక నేర్చిందే గిట్టల మధ్య.

సంతలో అడుగు పెట్టగానే ఈయనగారి కళ్లు ఒక పొడుగాటి గుర్రానికి అతుక్కుపోయాయి. నల్లగా నిగనిగలాడుతోంది.

“చూడవే, ఎంత ఠీవిగా ఉందో! ధర కూడా అందుబాటులోనే ఉంది.”

“ఎందుకుందో అడిగావా? పందెం గుర్రాల రక్తం కలిసింది దీనికి. తిన్నగా ఉరకడమే గాని, మలుపు తిరగాలంటే ఎకరం నేల కావాలి. దీని దాణాకి మనిద్దరం పస్తుండాలి. ఇటు చూడు!” ముందుకాలు ఎత్తి చూపించాను. గిట్ట నిలువునా చీలి ఉంది. మా రాతి నేల మీద వారం తిరక్కుండా కుంటుతుంది.

తర్వాత పక్క దీవి సుంబావా నుంచి పడవలో వచ్చిన పొట్టి గుర్రం. సాధువు, ఏం పెట్టినా తింటుంది. “నువ్వెక్కితే దీంతోపాటు నీ కాళ్లూ నడవాల్సిందే” అన్నాను. అమ్మేవాడు కూడా నవ్వాడు.

అప్పుడు కనపడింది, ఓ మూలన ఎండు గడ్డి కొరుకుతూ, మా దీవి జాతిదే ఎర్రది. పళ్లు చూశాను, ఆరేళ్లది. గిట్టలు కొబ్బరి చిప్పల్లా నల్లగా, గట్టిగా ఉన్నాయి. నుదుటి మీద సుడి ఉండాల్సిన చోటే ఉంది. రాళ్ల మీద నడిపించాను, తడబడలేదు. కంటి పక్కనుంచి కర్ర విసిరాను. చెవి కదిపింది, కాలు కదపలేదు. రెహిని ఎక్కి తిప్పమన్నాను. చాపంత జాగాలో కుడికీ ఎడమకీ గిర్రున తిరిగింది! ధర చూస్తే మా డబ్బాలో ఉన్నంతే.

“పేరేంటి బాబూ?” అన్నాను.

దాన్ని అమ్మే తొంగో వక్క నమలడం ఆపి నేల చూపులు చూశాడు. “‘ఇంటికి పరుగు’ అక్కా.”

విషయం అప్పుడు బయటపడింది. దాని తొలి పసోలాలో జనం ఒక్కసారిగా గొడుగులు విప్పేసరికి బెదిరి, తొంగోని వంటింటి మెట్ల దాకా మోసుకుపోయిందట. ఊరు ఆ పేరు పెట్టేసింది. కోడిని కోసి పూర్వీకులకు చెప్పేశారు కూడా. ఒకసారి వాళ్లకు చెప్పిన పేరు మార్చడానికి వీల్లేదు. కొన్నవాడికి గుర్రంతోపాటు ఆ పేరూ వస్తుంది.

“వద్దయ్యా! ఆ పేరుతో నిన్ను పిలుస్తుంటే నేను నీళ్లకెలా వెళ్లను?”

“ఎర్ర బండి కంటే నయం కదే. దీనికి ప్రాణం ఉంది.”

“నా నోట మాత్రం ఆ పేరు రాదు. ముందే చెప్తున్నా!”

నాలుగు నెలలు అది మేస్తున్నంతసేపూ దాని ముందు గొడుగు విప్పి ముడిచాను. “ఒరేయ్” అన్నాను, “దరిద్రమా” అన్నాను, పేరు మాత్రం అనలేదు. మొదట్లో కట్టు తెంపుకునేది. చివరికి గొడుగు అంచు నమలబోయింది.

పసోలా నాడు మైదానం కిటకిటలాడిపోయింది. రెహి తలగుడ్డ బిగించి బరిలోకి రాగానే అవతలి పక్షం గోల: “ఇంటికి పరుగోయ్! వంటింట్లో పొయ్యి మీద కూర మాడిపోతోందోయ్!” మావాళ్లూ నవ్వారు. నేను పళ్లు కొరుక్కున్నాను.

మొదటి ఉరుకు బ్రహ్మాండంగా సాగింది. రెండోదానికి కదిలేసరికి మబ్బు వీడి ఎండ చుర్రుమంది. గట్టు పొడుగునా ఫటఫటా గొడుగులు! ఎర్రది టక్కున ఆగిపోయింది. చెవులు వెనక్కి వాల్చి, మా ఊరి దారి వైపు మెడ తిప్పింది. రెహి కళ్లెం లాగడం కూడా మానేసి బిగుసుకుపోయాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అంత తెగువ ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు, చేతిలో గొడుగు ఎత్తి విప్పుతూ, ముడుస్తూ, గొంతు చిరిగేలా అరిచాను.

“ఇంటికి పరుగూ! ఒరేయ్ ఇంటికి పరుగూ! నేనే, ఇక్కడే ఉన్నా!”

గుర్రం చెవులు నిక్కబొడుచుకున్నాయి. దాని మీద మనిషి తలెత్తి గుంపులో నన్ను వెతుక్కున్నాడు. ఎనిమిదేళ్లుగా ఏ పిలుపుకీ పలకని మా ఆయన ముఖమంతా నవ్వుతో “ఆఁ! వస్తున్నా!” అని పలికి, బల్లెం ఎత్తి, గుర్రాన్ని గిర్రున బరిలోకి తిప్పాడు.