స్లాబు కింద నిలబడటం

మా ఆఫీసంటే బజారులో ఒక గుడ్డల కొట్టు మీద రెండు గదులు. కట్టడాలకు లెక్కలు వేసి పటాలు గీసిచ్చే కన్సల్టెన్సీ. మనుషులం ముగ్గురం: మా సారు, పటాలు గీసే పెద్దాయన, డిప్లొమా చేత్తో పట్టుకుని కొత్తగా చేరిన నేను. ఎనభైల మొదట్లో పుదుచ్చేరిలో ఆడపిల్ల ఇంజనీరంటే వింతే. నన్ను తీసుకున్నది నా తెలివి చూసి కాదు లెండి. గోడౌన్లు కట్టించే శెట్లు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు. మా ఇంట్లోనూ అదే తెలుగు.

మేం ఇటుక ముట్టం, సిమెంటు కలపం. స్లాబు ఎంత మందం పొయ్యాలో, ఇనప కమ్మీ ఎంత పెట్టాలో కాగితం మీద చెప్పి పంపిస్తాం. కట్టేది మేస్త్రీ. భయం మాత్రం మాదే. వాన గట్టిగా కురిస్తే చాలు, నాకు అన్నం సహించేది కాదు. ఏ బీములో ఏం మరిచిపోయానో అని కంచం ముందు కూర్చునే లెక్కలు వేసుకునేదాన్ని. "ఏందే, జపం చేస్తా ఉండావా?" అని మా అమ్మ ఎగతాళి చేసేది.

మా సారుకి ఒక అలవాటుండేది. కొత్త స్లాబుకి సెంట్రింగు విప్పే రోజు, అంటే కింద ఊతంగా నిలబెట్టిన సవుకు కర్రలు తీసేసే రోజు, తనే వెళ్ళి ఆ స్లాబు కింద నట్టనడుమ నిలబడేవారు. చివరి కర్ర కూడా తీశాక నవ్వుకుంటూ బయటికొచ్చేవారు. అది చూసే శెట్లు మా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆయన ప్రాణం అడ్డం పెట్టి కట్టిస్తాడని బజారంతా చెప్పుకునేవాళ్ళు. నాకూ ఆయనంటే అంత గొప్ప.

మా ఊరి అంచున మేట్టుపాళయంలో ఒక శెట్టిగారి గోడౌనుకి మొదటిసారి నన్నే లెక్క వెయ్యమన్నారు. స్లాబు పోసింది వానల్లో. సెంట్రింగు విప్పడానికి మూడు వారాలన్నా ఆగాలి. రెండు వారాలు కాకముందే మా సారు గుండెనొప్పితో గోరిమేడు ఆస్పత్రిలో పడ్డారు. ఆ మర్నాడు తెల్లారేసరికి శెట్టిగారి కబురు: ఇవాళే మంచి ముహూర్తముంది, లోపల పూజ చెయ్యాలి, సెంట్రింగు విప్పుతున్నాం, సారు రాలేకపోతే నువ్వైనా వచ్చి నిలబడు.

పటాలు గీసే పెద్దాయన తల పట్టుకున్నాడు. "పోకుంటే మన లెక్క మీద మనకే నమ్మకం లేదంటారు పాపా. ఇంక ఆఫీసు మూసుకోవాల్సిందే," అన్నాడు. ఎలాగైనా నచ్చజెప్పి ఆపిద్దామని బయల్దేరాను.

నేను వెళ్ళేసరికి సుత్తులు పట్టుకుని మనుషులు సిద్ధంగా ఉన్నారు.

"మామా, ఇంకో వారం ఆగండి. వానల్లో పోసింది, ఇంకా పచ్చిగానే ఉంటాది," అన్నాను.

"ఏందిమా నువ్వు! ముహూర్తం నీకోసం ఆగతాదా? మీ సారయితే ఇంతసేపు మాట్లాడడు, పోయి నిలబడతాడు," అన్నారు శెట్టిగారు. "లెక్క సరిగ్గా వేసుంటే నీకెందుకు బయం?"

నాకు ఒళ్ళు మండిపోయింది. చూపిస్తా ఉండు అనుకుని విసురుగా లోపలికి వెళ్ళి నిలబడ్డాను. నిలబడ్డాక తెలిసింది, అబ్బ, అదెంత బరువో! అంత సిమెంటూ అంత ఇనుమూ నా నెత్తి మీద. ఒక మూల మొదటి కర్రను కొట్టి తీశారు. పైనుంచి దుమ్ము రాలి నా జడలో పడింది. లెక్క గుర్తు చేసుకుందామంటే ఒక్క అంకె గుర్తు రాలేదు.

అప్పుడు ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. చూస్తే శెట్టిగారి తల్లి, కుంకుమ పళ్ళెంతో.

"యాడికొస్తావవ్వా, బయటుండు!" అన్నాను.

"నువ్వు నిలబడుకోనుండావు గదా పాపా. లెక్క తెలిసినదానివి. నాకేం బయం?"

ఆమె వెనకే కోడలు, చంకలో బిడ్డతో గడప దాటుతోంది. నేను అక్కడ నిలబడితే ఆ స్లాబు గట్టిపడుతుందా? నన్ను చూసి వీళ్ళు లోపలికొస్తున్నారు, అంతే.

"కొట్టొద్దు! ఆపండి! నాకు బయంగా ఉంది!" అని అరిచాను. అవ్వను ఒక చేత్తో, కోడలిని ఒక చేత్తో బయటికి లాక్కొచ్చేశాను. పళ్ళెం ఎక్కడో పడింది. ఇంజనీరే పరిగెత్తాక ఇంకెవరుంటారు? పనివాళ్ళు సుత్తులు వదిలేసి నా వెనకే వచ్చేశారు. మేస్త్రీ మాత్రం వెనక్కి వెళ్ళి, తీసిన కర్రను మళ్ళీ నిలబెట్టి వచ్చాడు.

శెట్టిగారు నన్ను తిట్టని తిట్టు లేదు. మా ఆఫీసు మెట్లు ఇంక ఎక్కనన్నారు, ఎక్కలేదు కూడా. పూజ బయట టార్పాలిన్ కింద చేసుకున్నారు. కర్రలు తరవాత గడువు నిండాకే తీశారు, స్లాబు నిలిచింది. ఆ రోజే తీసేసుంటే నిలిచేదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

అక్కణ్ణుంచి తిన్నగా ఆస్పత్రికి వెళ్ళాను. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. మంచం పక్కన నిలబడి జరిగిందంతా చెప్పేశాను. "లెక్క తప్పు కాదు సార్. బయమేసి పరిగెత్తినాను," అన్నాను.



"నాకూ ప్రతిసారీ బయమే అమ్మా," అన్నారాయన. "ఎంత బయమంటే, నా వెనక ఎవరొచ్చి నిలబడుకుంటా ఉండారో ఒక్కనాడూ తిరిగి చూసింది లేదు."

తరవాత, "ఆ అవ్వకేం కాలేదు గదా?" అన్నారు. కాలేదని చెప్పాను. అదే మాట మళ్ళీ అడిగారు.