రెండో అంతస్తు మలుపులో స్టూలు

దయ్యాలూ గాలులూ నేను నమ్మను. మాదాపూర్‌లో మా ఆఫీసు లిఫ్టు ఎవరూ నొక్కకుండానే నాలుగో అంతస్తులో ఆగేది. మిగతావాళ్లు కథలు అల్లుతుంటే నేను మెయింటెనెన్స్‌కి ఫోన్ చేసేదాన్ని. సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని, తప్పు ఎక్కడుందో వెతకడమే నా ఉద్యోగం. ఈ ఒక్క విషయంలో మాత్రం దొరకలేదు.

అప్పట్లో నగరంలో ఎవర్ని కదిపినా సాఫ్ట్‌వేరే. నాకు ఇరవై తొమ్మిదేళ్లు. అమ్మా నేనూ శ్రీకాకుళం నుంచి వచ్చి సీతాఫల్‌మండిలో ఓ మూడో అంతస్తులో అద్దెకుండేవాళ్లం. లిఫ్టు లేదు. యాభై నాలుగు మెట్లు.

ఆ ఏడాదే నాకు లూపస్ అని తేలింది. ఒంటిని కాపాడాల్సిన వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే జబ్బు. స్టెరాయిడ్లతో కీళ్ల నొప్పులు తగ్గాయి. కానీ ముఖం ఉబ్బింది, తొడల్లో బలం పోయింది. నేల మీద కూర్చుంటే లేవలేను. తల దువ్వుకుందామని చేతులెత్తితే వణికేవి. ఎంత పడుకున్నా తీరని నీరసం. చూసేవాళ్లకి మాత్రం ఒళ్లు చేసినట్టు కనిపించేదాన్ని. పెళ్లికళ వచ్చిందని ఒకావిడ మెచ్చుకుంది కూడా. ఒళ్లు మండిపోయింది.

ఉన్న ఓపికను పొదుపుగా వాడడం నేర్చుకున్నాను. స్నానం కుర్చీలో కూర్చుని, జడ అమ్మ చేత. మెట్లు మాత్రం నా బదులు ఎవరూ ఎక్కరు కదా.

రెండో అంతస్తు మలుపులో ఒక ఇనుప స్టూలు ఉండేది. ఆకుపచ్చ రంగు పెచ్చులూడింది, ఊగకుండా ఒక కాలికి గుడ్డ చుట్టి ఉంది. నేను మందు మొదలుపెట్టిన వారంలోనే అక్కడ కనిపించింది. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు యాదమ్మ ఆంటీ నాకోసం పెట్టిందనుకున్నాను. రోజూ ఐదు నిమిషాలు దాని మీద కూర్చుని మిగతా మెట్లు ఎక్కేదాన్ని. మందు వల్ల కలిగిన భ్రమ అనుకుందామంటే, అమ్మ కూడా కూరల సంచీ దాని మీదే దించి ఊపిరి పీల్చుకునేది.

డాక్టరుగారు స్టెరాయిడ్ డోసు మెల్లగా తగ్గిస్తూ వచ్చారు. ఒక్క రోజు కూడా మానొద్దని ప్రతిసారీ చెప్పేవారు. ఒక సోమవారం పాత డోసు బిళ్లలు అయిపోయాయి. మర్నాటి నుంచి తక్కువ డోసు, కొత్త పెట్టె. అమ్మ క్యాలెండర్ చూసింది. రేపు మంగళవారం, ఎల్లుండి అమావాస్య. కొత్త మందు గురువారం మొదలెడదామంది. ఎలాగూ డోసు తగ్గిస్తున్న మందే, రెండ్రోజులు మానితే కొంప మునగదంది. సరేనన్నాను. నిజం చెప్పాలంటే, ముఖం వాపు తీస్తుందేమోనని నాకూ ఆశ. తప్పులో సగం నాదే.

బుధవారం ఆఫీసులో కడుపులో తిప్పింది, కళ్లు తిరిగాయి. మధ్యాహ్నమే సెలవు పెట్టి వచ్చేశాను. ఇంటి దగ్గర చూస్తే స్టూలు కింద ఉంది, మొదటి మెట్టుకి అడ్డంగా. ఇక్కడెవరు పెట్టారని విసుక్కున్నాను. పక్కకి జరపబోతే కదల్లేదు. నాలో బలం లేకపోవడం వల్లే అయ్యుంటుంది. ఒక్క నిమిషం కూర్చుందామని కూర్చున్నాను. ఇక లేవలేకపోయాను. పక్కింట్లో కుక్కర్ కూతలు వినిపిస్తున్నాయి. పిలుద్దామంటే గొంతు పెగల్లేదు. చచ్చిపోతానని భయం వేసింది.

బట్టలు ఆరేయడానికి బయటికొచ్చిన యాదమ్మ ఆంటీ చూసి, ఆటోలో ఆసుపత్రికి చేర్చింది. సెలైనూ ఇంజెక్షనూ ఇచ్చారు. అన్నాళ్లు వాడిన స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుందని, మెట్ల మధ్యలో పడిపోయి ఉంటే ఎవరైనా చూసేసరికే ఆలస్యమయ్యేదని డాక్టరుగారు చెప్పారు. అమ్మ గోడవైపు తిరిగి ఏడ్చింది.

ఇంటికొచ్చాక, స్టూలు పెట్టినందుకు ఆంటీకి థాంక్స్ చెప్పాను.

"నేనెక్కడ పెట్టిన బిడ్డా? మీ అమ్మ పెట్టిందనుకున్న," అంది. "ఆ దినం దాని మీదికెల్లే నిన్ను లేపి ఆటోల కూసోబెట్టిన. మల్లొచ్చి చూస్తే లేదు."

రెండో అంతస్తువాళ్లు ఆంటీ పెట్టిందనుకున్నారట. పాత సామాన్లవాడు పట్టుకుపోయాడనే అనుకుందాం. మరి కిందికి ఎవరు తెచ్చారు? అదీ ఆ రోజే ఎందుకు? బిల్డింగులో అందర్నీ అడిగాను. అందరూ తాము కాదనే అన్నారు.

మందుల విషయంలో అమ్మ మళ్లీ క్యాలెండర్ చూడలేదు. నా బలం నెమ్మదిగా, ఏడాదికి పైగా పట్టి తిరిగొచ్చింది. తర్వాత కాప్రాలో లిఫ్టున్న ఫ్లాటుకి మారాం. పాలు పొంగించిన రోజే అమ్మ ఒక కొత్త స్టూలు తెచ్చి మెట్ల మలుపులో పెట్టింది. లిఫ్టుండగా ఇదెవరికని అడిగాను.

"కరెంటు పోతే ఎవులో ఒకలు ఎక్కుతారు గదే. ఉండనీ," అంది.

ఆ పాత స్టూలు ఎవరిదో, ఆ బుధవారం కిందికి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ పెట్టినదాని మీద మాత్రం అప్పుడప్పుడు ఎవరో ఒకరు కూర్చుని కనిపిస్తారు. ఎవరు పెట్టారని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. పక్కవాళ్లు పెట్టారనుకుంటున్నారు కాబోలు.