ఎండమ్మ, ఆమె తెల్లపిల్లి

మా మేనత్తను వీధంతా ఎండమ్మ అనేది. ముఖం మీద అనే ధైర్యం ఎవరికీ లేదనుకోండి, ఆవిడ మలుపు తిరిగాకే అనేవారు. మూడంతస్తుల భవనంలో పైగది ఆవిడ లాండ్రీ. లాడ్జీల దుప్పట్లు, ఆసుపత్రి దిండు గలేబులు అక్కడికి మూటలుగా ఎక్కి మడతలుగా దిగేవి. గదిని ఆనుకుని డాబా, డాబా నిండా దండేలు. ఈ లోకంలో ఎండ బాగుచెయ్యలేనిది ఏదీ లేదని ఆవిడ నమ్మకం. మరక వదల్లేదా, ఎండలో వెయ్యి. దిండు ముక్కవాసన కొడుతోందా, ఎండలో పెట్టు. జలుబు చేసిందా, పోయి ఎండలో కూర్చో. ఉద్యోగం పోయి నేను ఏడుస్తూ వస్తే, "కాసేపు డాబా మీద ఎండలో నిలబడవే, అదే పోతుంది" అంది. దిగులు పోలేదు గానీ, మాడు కాలిపోయి ఏడుపు మాత్రం ఆగింది. మర్నాటి నుంచి నన్ను మడతల పనిలో పెట్టుకుంది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి మా అత్త. ఆ కుందేలును కూడా ఉతికి ఆరేసే రకం.

పిల్లికి బిచ్చం పెట్టదని కూడా ఆవిడకు పేరుంది. అలాంటి ఇంటికి మా మావయ్య ఒకరోజు నిజంగానే పిల్లిపిల్లను తెచ్చాడు. ఆయన అదే గదిలో ఇస్త్రీ చేసేవాడు. ఎవరింట్లోనో బట్టలిచ్చి వస్తూ ఖాళీ బుట్టలో వేసుకొచ్చాడు. ముక్కు నుంచి తోక దాకా తెలుపు, చెవుల లోపల లేత గులాబీ. గంజిలో ముంచి తీసినట్టుందని ఆయనే దానికి గంజి అని పేరు పెట్టాడు. "బొచ్చంతా దుప్పట్లకి అంటుకుంటుంది, ఎవరు ఏరతారు?" అని అత్త వారమంతా గొణిగింది. గొణుగుతూనే దానికి పాలు కాచి, వేలు ముంచి చూసి, చల్లార్చి పెట్టేది.

ఏడాది తిరగకముందే మావయ్య దగ్గుతో మంచమెక్కాడు, మళ్లీ దిగలేదు. ఆ తరవాత అత్త గంజితోనే మాట్లాడుకునేది. మాకెవరికీ చెప్పనివి దానికి చెప్పేది. పక్కనే మడతలు పెడుతూ ఉండేదాన్ని కాబట్టి కొన్ని నా చెవినా పడేవి. పడనట్టే ఉండేదాన్ని. ఆవిడకు పిల్లలు లేరు. నేను కాక ఆ గదిలో ఊపిరున్నది ఇంకేదైనా ఉందంటే అదొక్కటే.

గంజికీ ఎండంటే ప్రాణం. అత్త దుప్పట్లు ఆరేస్తుంటే అది పిట్టగోడ మీద ఒళ్లు విరుచుకుని పడుకునేది. ఒక వేసవిలో దాని చెవుల కొసలు ఎర్రబడ్డాయి. పొట్టు లేచింది, తరవాత చెక్కు కట్టింది. వీధిలో తిరిగే గండుపిల్లి గీరేసి ఉంటుందని అత్త తీర్పు చెప్పేసింది. ఆ గండుపిల్లి మొహం నేనెప్పుడూ ఆ డాబా మీద చూడలేదు. చెవులకు నూనె రాసి, నడి మధ్యాహ్నం దాన్ని ఒళ్లో పెట్టుకుని ఎండలో కూర్చునేది. "చీము పట్టకుండా ఎండే మాడ్చేస్తుంది" అనేది. వానలు మొదలయ్యాక చెవులు మానాయి. ఎండ లేకపోబట్టి మానాయని ఆవిడకెలా తోస్తుంది? వేసవంతా చేసిన వైద్యం ఇప్పటికి పనిచేసిందనుకుంది. మరుసటి వేసవి మళ్లీ అదే పుండు, మళ్లీ అదే వైద్యం. బట్ట తెల్లబడకపోతే ఇంకోపూట ఎండలో ఉంచడమే ఆవిడకు తెలుసు. ఎండను అనుమానించడం తెలీదు.

ఆ పై వేసవికి కుడి చెవి అంచు ముడుచుకుపోయింది. అది తల విదిల్చినప్పుడల్లా ఉతికిన దుప్పట్ల మీద రక్తం చుక్కలు పడేవి. ఇక నేను ఊరుకోలేదు. "నువ్వొస్తే రా, లేకపోతే మానెయ్. నేను దీన్ని డాక్టరుకి చూపిస్తున్నాను" అని బుట్టలో వేసుకుని మెట్లు దిగాను. అత్త నన్ను తిడుతూ వెనకే వచ్చింది.

పశువుల డాక్టరమ్మ నాకంటే చిన్నది. చెవిని దీపం కింద తిప్పి తిప్పి చూసింది.

"ఎండలో ఎక్కువగా ఉంటుందా అమ్మా?"

"ఉంటుంది డాక్టరమ్మా. నేనే కూర్చోబెడతాను," అంది అత్త. మెచ్చుకుంటుందనే అనుకుంది పాపం.

డాక్టరమ్మ దీపం పక్కకి జరిపింది. "తెల్లపిల్లుల చెవులకీ ముక్కుకీ ఎండని ఆపే రంగు ఉండదమ్మా. అక్కడ బొచ్చు కూడా పలచన. మనకి ఒళ్లు కమిలినట్టే వాటికీ కమిలిపోతుంది. ఏటేటా అలా కాలిన చోటే కాలితే కాన్సరు వస్తుంది. నాకు ఇది అదేననిపిస్తోంది. ముక్క తీసి పరీక్షకి పంపిస్తాను. చెవి మాత్రం తీసెయ్యాలి."

"మరి గండుపిల్లి..."

"గండుపిల్లి కాదమ్మా. ఎండే."

పొద్దెక్కాక సాయంత్రం చల్లబడే దాకా దాన్ని బయటికి వదలొద్దంది. కిటికీలోంచి ఎండ పడే చోట కూడా పడుకోనివ్వొద్దంది. మనుషులు రాసుకునే క్రీములు పిల్లి నాకితే విషమని, పిల్లుల కోసం చేసినది తనే ఇచ్చింది. అత్త అన్నిటికీ తలూపింది. ఆవిడ ఎవరి మాటకైనా అలా తలూపడం నేను చూడటం అదే మొదటిసారి.

తిరిగొచ్చేటప్పుడు భుజం మీది తువ్వాలు తీసి బుట్ట మీద కప్పింది. వీధి మలుపులో ఆగిపోయింది.

"మీ మావయ్యని కూడా రోజూ డాబా మీద కూర్చోబెట్టేదాన్ని కదే."

"ఆయనకి ఊపిరితిత్తులు పాడయ్యాయి అత్తా. దానికీ ఎండకీ ఏం సంబంధం? డాక్టర్లు చెప్పారుగా."

"దీనికీ సంబంధం లేదనే అనుకున్నాను," అంది.

పరీక్షలో డాక్టరమ్మ అన్నదే తేలింది. చెవి తీసేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది, కానీ పట్టుకున్నాక ఆవిడ వదల్లేదు. డాబా తలుపు పగలంతా మూసే ఉండేది. తడి దుప్పట్ల మోపుతో వెళ్లేటప్పుడు కూడా సందులోంచి పిల్లి దూరకుండా కాలు అడ్డం పెట్టి, మూరెడు తెరిచి, పక్కకి తిరిగి బయటపడేది. కిటికీకి ఎంత తెర కట్టినా ఎక్కడో ఒక బెత్తెడు ఎండ లోపలికి వచ్చేది. గంజి సరిగ్గా అక్కడే పడుకునేది. అత్త కిటికీకి వీపు పెట్టి, తన నీడ దాని మీద పడేలా కూర్చుని మడతలు పెట్టేది. ఎండ జరిగితే పిల్లి జరిగేది, పిల్లి వెంట అత్త జరిగేది. "టిక్కెట్ల లైన్లో ఉన్నట్టున్నారు ఇద్దరూ" అని నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. చెమటకు జాకెట్టు వీపంతా తడిసిపోయి ఉంది.

చలికాలం వచ్చేసరికి జబ్బు ముక్కు మీద తేలింది. ఇక కొయ్యడానికి లేదంది డాక్టరమ్మ. నొప్పికి మందు ఇచ్చింది. మరీ బాధపడితే తీసుకురండి, బాధ లేకుండా నిద్రపుచ్చుతాను అంది. అత్త బుట్ట ఎత్తుకుని ఇంటికి వచ్చేసింది. పాలు పెడితే గంజి వాసన చూసి తల తిప్పుకునేది. కానీ తెల్లారేసరికి ఎలాగో ఈడ్చుకుంటూ డాబా తలుపు దగ్గరికి చేరేది. గీకే ఓపిక కూడా లేదు. తలుపుకి తల ఆనించి అరిచేది.

"తలుపు తియ్యత్తా. ఇంకేం మిగిలిందని? ఉన్న నాలుగు రోజులూ దానికి నచ్చిన చోట ఉండనీ."

"ఇన్నాళ్లూ తెలీక చేశాను. ఇప్పుడు తెలిసి చెయ్యమంటావా?"

"దానికి చలేస్తోంది, చూడు ఎలా వణుకుతోందో!"

ఆవిడ లేచి ఇస్త్రీపెట్టె వేడి చేసింది. తువ్వాళ్లు ఒక్కొక్కటే రుద్ది, మోచేతికి ఆనించి చూసుకుని, గంజికి చుట్టబెట్టింది. ఒకటి చల్లారితే ఇంకొకటి. ఆ రోజు లాడ్జీకి పోవాల్సిన మూట అలాగే ఉండిపోయింది. పొద్దు బాగా ఎక్కాక, ఆవిడ ఒళ్లోనే, తలుపు వైపు మొహం పెట్టి గంజి చచ్చిపోయింది. అత్త చాలాసేపు దాని వీపు నిమురుతూనే ఉంది.

"తలుపు తీసుండాల్సిందంటావా?" అని అడిగింది.

ఎవరేమన్నా తిరిగి అనగలిగే నోరు నాది. "తెలీదత్తా" అన్నాను. నిజంగానే తెలీదు, ఇప్పటికీ.

భవనం వెనక కాస్త ఖాళీ నేల ఉంది. నేను గోడవార తవ్వబోతే అత్త ఆపింది. "అక్కడ పొద్దునపూట పడుతుంది." ఇవతలికి జరిగాను. "అక్కడ మధ్యాహ్నం." ఇంకాస్త జరిగాను. "సాయంత్రం పడుతుందే అక్కడ." ఆ నేల మీద ఎండ ఏ వేళ ఎక్కడుంటుందో ఆవిడను మించి ఎవరికి తెలుసు? నాకు విసుగొచ్చి, "ఇప్పుడు దానికేమవుతుంది!" అని అరిచాను. ఆవిడ నా చేతిలోంచి గునపం తీసుకుని మెట్ల కింద మూలకు వెళ్లింది. ఎప్పుడూ తడి ఆరని చోటది, గోడంతా నాచు. వంగుని తనే తవ్వి, తువ్వాలుతో సహా దాన్ని దించి, మట్టి కప్పింది. తల పైకెత్తి మెట్లను, గోడను, సందులోంచి కనిపించే కాస్త ఆకాశాన్ని మళ్లీ ఒకసారి చూసుకుంది.

"ఇక్కడెప్పుడూ పడదు," అంది. అప్పుడు ఏడ్చింది.